టేబుల్ తర్వాత, ముందు త్రిభుజం గీయి బిడ్డా

లెక్కల సారు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం త్రికోణమితి మీదే. దసరా సెలవులు అయిపోయి, పదో తరగతి పిల్లలు కష్టమైన పాఠాల్లోకి అడుగుపెట్టే కాలం ఇది. నల్లగొండ సర్కారు బడిలో ఏండ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాడిని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. ఉత్తరాలు పెద్దవి, కుదించి వేశాం.

ప్రశ్న: సార్, నమస్తే. నేను పదో తరగతి. ట్రిగనామెట్రీ టేబుల్ మొత్తం నోటికొచ్చు. సైన్ 60 ఎంత అంటే నిద్రలో లేపి అడిగినా √3/2 అని చెప్త. కానీ లెక్క ముందు పెడితే ఎక్కడ మొదలుపెట్టాల్నో తెల్వదు. సైన్ అంటే అసలు ఏంది సార్? ఎవర్ని అడిగినా 'ఎదుటి భుజం బై కర్ణం' అంటరు. అంతకు మించి చెప్పరు.
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: బిడ్డా, టేబుల్ మొత్తం వచ్చాక కూడా "అసలు ఏంది" అని అడిగినవు చూడు, ఆ ప్రశ్న అడిగే పిల్లలకే ఈ పాఠం వస్తుంది. ఈ రాత్రి ఒక పని చెయ్యి. చదివి ఊరుకోవద్దు, చేత్తో చెయ్యాలి.

ఒక తెల్ల కాగితం, స్కేలు, కోణమానిని, మూలమట్టం తీసుకో. పెన్సిల్ సన్నగా చెక్కు. కాగితం కింద అడ్డంగా ఒక గీత గీసి, దాని ఎడమ కొసకు 'ఎ' అని పేరు పెట్టు. ఎ దగ్గర 30 డిగ్రీల కోణం చేసి, వాలుగా పైకి పోయే గీతను కాగితం అంచు దాకా పొడుగ్గా గీయి. ఆ వాలు గీత మీద ఎ నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర ఒక చుక్క, 8 దగ్గర ఒకటి, 10 దగ్గర ఒకటి పెట్టు. ఒక్కో చుక్క నుంచి కింది గీత మీదికి మూలమట్టంతో నిట్టనిలువుగా గీత దించు. ఇప్పుడు ఆ మూడు నిలువు గీతలను కొలువు. 3, 4, 5 సెంటీమీటర్లు వస్తాయి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఫరవాలేదు, పెన్సిల్ మందం ఉంటుంది.

3 బై 6, 4 బై 8, 5 బై 10. మూడూ సగమే. త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా ఆ సగం మాత్రం కదల్లేదు. నువ్వు కాగితం మీద గీసినా, నేను బోర్డు మీద గీసినా, ఎవరన్నా ఊరి బయట మైదానంలో సున్నంతో గీసినా, కోణం 30 ఉన్నంతవరకు నిలువు గీత వాలు గీతలో సగమే ఉంటుంది. ఆ సగానికే సైన్ 30 అని పేరు. అది ఏ త్రిభుజానికీ చెందిన సంఖ్య కాదు, ఆ కోణానిది. పిల్లలు ఈ ఒక్క విషయం కళ్ళతో చూడకుండానే టేబుల్ బట్టీ పడుతున్నారు. నీకు లెక్క ముందు చెయ్యి ఆగిపోవడానికి కారణం అదే. మీ పుస్తకంలో సరూప త్రిభుజాల పాఠం త్రికోణమితి కంటే ముందు పెట్టింది కూడా ఇందుకే. మూడు కోణాలు సమానమైతే భుజాల నిష్పత్తులు సమానం అని అక్కడ చదివినవు కదా, ఇక్కడ వాడుతున్నది దాన్నే.

ఇంకో కాగితం తీసుకో. ఈసారి కోణం 50 డిగ్రీలు. టేబుల్‌లో 50 లేదని భయపడకు. వాలు గీత మీద 10 సెంటీమీటర్ల దగ్గర చుక్క పెట్టి నిలువు గీత దించి కొలువు. 7.6కో 7.7కో దగ్గర వస్తుంది. అంటే సైన్ 50 సుమారు 0.77. ఎవరూ చెప్పకుండా, ఏ పుస్తకం తెరవకుండా నీ అంతట నువ్వే కనుక్కున్నవు. అట్లనే 20 డిగ్రీలకు చెయ్యి, 3.4 వస్తుంది. 70కి 9.4. కోణం పెరుగుతుంటే నిలువు గీత ఎట్ల పెరుగుతుందో గమనించు. మొదట్లో గబగబా పెరిగి, 90 దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. ఆర్యభటుడు 1,500 ఏండ్ల కిందట ఈ పట్టికనే తయారుచేశాడు. 90 డిగ్రీలను 24 భాగాలు చేసి, 3 డిగ్రీల 45 నిమిషాలకొక విలువ లెక్కగట్టాడు. నువ్వు పదేసి డిగ్రీలకొకటి చేస్తే చాలు, అదే దారిలో నడిచినట్టు.

ఇంక టేబుల్‌లోని ఆ √3 ఎక్కడి నుంచి వచ్చింది? భుజం 2 ఉన్న సమబాహు త్రిభుజం గీసి, పై శీర్షం నుంచి నిట్టనిలువుగా సగానికి కోయి. సగం ముక్కలో కర్ణం 2, కింది భుజం 1. పైథాగరస్ ప్రకారం నిలువు భుజం √3. ఆ ముక్కలోనే 60 ఉంది, 30 ఉంది. ఇంక 45 కోసం ఒక చదరాన్ని మూల నుంచి మూలకు కోస్తే సరిపోతుంది. ఈ రెండు బొమ్మలు గుర్తుంటే, పరీక్షలో టేబుల్ మరిచిపోయినా అక్కడికక్కడ మళ్ళీ రాసుకోవచ్చు. టేబుల్ వద్దని నేను అనడం లేదు. నోటికి రావాల్సిందే, వేగం దానితోనే వస్తుంది. కాకపోతే ఈ కాగితాల తర్వాత రావాలి.

లెక్క మొదలుపెట్టేటప్పుడు ఇట్ల చూడు. లంబకోణం ఎక్కడుందో మొదట గుర్తు పెట్టు, దాని ఎదురుగా ఉండేది కర్ణం, అది ఎప్పుడూ మారదు. తర్వాత తెలిసిన కోణం మీద వేలు పెట్టు. వేలికి ఎదురుగా ఉన్నది ఎదుటి భుజం, వేలికి ఆనుకొని ఉన్న రెండింట్లో కర్ణం కానిది ఆసన్న భుజం. వేలు రెండో కోణం మీదికి జరిపితే ఈ రెండూ తారుమారైపోతాయి. చాలామంది పిల్లలు నిలువుగా ఉన్నదే ఎదుటి భుజం అనుకుంటారు. బొమ్మ పక్కకు తిప్పి ఇచ్చిన రోజు దెబ్బ తింటారు. చివరగా, ఏ భుజం ఇచ్చారు, ఏ భుజం అడిగారు అని చూడు. ఆ రెండింటినీ కలిపే నిష్పత్తి ఏదో అదే నీకు కావాల్సింది. ఎదుటిది, ఆసన్నది అయితే టాన్ (ఎదుటిది బై ఆసన్నది). కర్ణంతో ఎదుటిది కలిస్తే సైన్, ఆసన్నది కలిస్తే కాస్ (ఆసన్నది బై కర్ణం).

ప్రశ్న: టాన్ 90 'నిర్వచితం కాదు' అని పుస్తకంలో ఉంది. మా దోస్తులు 'అనంతం' అంటున్నరు. పరీక్షలో ఏది రాయాలి?
– పదో తరగతి విద్యార్థి, నకిరేకల్

జవాబు: 'నిర్వచితం కాదు' అనే రాయి. మీ దోస్తులకు ఆ మాట ఎందుకు తోచిందో కూడా చూడు. టాన్ 80 అంటే 5.67. టాన్ 85 అంటే 11.43. టాన్ 89కి 57.29. 89.9కి పోతే 570 దాటుతుంది. 90కి దగ్గర పడుతున్నకొద్దీ ఆసన్న భుజం కరిగిపోతుంది, అందుకే భాగఫలం అంతకంతకూ పెరుగుతుంది. సరిగ్గా 90 దగ్గర ఆసన్న భుజం సున్నా. సున్నాతో భాగించలేం. అక్కడ విలువ అంటూ ఏదీ లేదు.

ప్రశ్న: సార్, 'లైట్‌హౌస్ మీది నుంచి ఓడను చూసినప్పుడు నిమ్న కోణం' అని లెక్కలొస్తయి. మా మిర్యాలగూడల రైస్ మిల్లులున్నయి గానీ లైట్‌హౌస్ ఎక్కడిది? బొమ్మ గీయరాదు. నిమ్న కోణం ప్రతిసారీ తప్పు చోటనే పెడుతున్న. ఇంకొకటి, ఒకే ఎత్తుకు రెండు కోణాలిచ్చి తిప్పలు పెడతరు ఎందుకు? ఒక్కటి చాలదా?
– పదో తరగతి విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: లైట్‌హౌస్‌ను వదిలెయ్యి నాయనా. మీకు దగ్గర్లో నాగార్జునసాగర్ ఉంది. ఆ డ్యామ్ పునాది నుంచి చూస్తే 124 మీటర్ల ఎత్తు. నువ్వు కట్ట మీద నిలబడ్డవనుకో. కింద కృష్ణలో ఒక పుట్టి పోతోంది, అందులో చేపలు పట్టే మనిషి ఉన్నాడు. నువ్వు మొదట ఎదురుగా, నీ కంటికి సూటిగా దూరంగా ఉన్న గుట్టల వైపు చూడు. ఆ చూపే క్షితిజ సమాంతర రేఖ. ఇప్పుడు తల వంచి పుట్టిని చూడు. నీ చూపు ఎంత మేర కిందికి దిగిందో అదే నిమ్న కోణం. నువ్వు చేస్తున్న తప్పు నాకు తెలుసు. బొమ్మలో డ్యామ్ గోడకూ, చూపు గీతకూ మధ్య ఆ కోణం పెడుతున్నవు. నా క్లాసులోనూ ఏటా సగం మంది అట్లనే పెట్టేవారు. లెక్కలో 'నిమ్న' అన్న మాట కనబడగానే, వేరే ఏదీ గీయకముందే, కంటి నుంచి అడ్డంగా ఒక చుక్కల గీత గీసుకో. కోణం ఆ గీత కింద పెట్టు.

పుట్టిలోని మనిషి తలెత్తి నిన్ను చూస్తే అది ఊర్ధ్వ కోణం. నీ చుక్కల గీతా, నీటి మట్టమూ సమాంతరం కాబట్టి రెండు కోణాలూ ఏకాంతర కోణాలు, సమానం. అందుకే కోణాన్ని కిందికి దించి పుట్టి దగ్గర రాసుకుంటే త్రిభుజం చక్కగా కనబడుతుంది. నీ కన్ను నీటికి 60 మీటర్ల పైన ఉండి నిమ్న కోణం 30 అయితే, పుట్టి దూరం 60√3, అంటే సుమారు 104 మీటర్లు.

ఇక రెండు కోణాల సంగతి. ఇది చాలా మంచి ప్రశ్న, కొంచెం ఓపికగా చదువు.

మీ బడి నీళ్ళ ట్యాంకు ఎత్తు కనుక్కోవాలంటే ఒక్క కోణం చాలు. ట్యాంకు మొదటి నుంచి టేపుతో 20 మీటర్లు కొలిచి నిలబడతవు, పైకొసను చూస్తవు, కోణం 35 వచ్చిందనుకో. టాన్ 35 సుమారు 0.7. 20ని 0.7తో గుణిస్తే 14. దానికి నీ కంటి ఎత్తు 1.4 మీటర్లు కలపాలి, 15.4. కంటి ఎత్తు కలపడం పిల్లలు మరిచిపోతారు, పుస్తకంలోనూ చాలా లెక్కల్లో దాన్ని వదిలేస్తారు. కొలిచేటప్పుడు మాత్రం వదిలేయడానికి వీల్లేదు.

కానీ నల్లగొండకు వచ్చి లతీఫ్ సాహెబ్ గుట్ట ఎత్తు కనుక్కోమంటే? శిఖరానికి నిట్టనిలువు కింద ఉండే చోటు గుట్ట కడుపులో, బండల మధ్య ఉంది. టేపు పట్టుకొని అక్కడికి ఎట్ల పోతవు? దూరం తెలియనప్పుడు ఒక్క కోణంతో పని కాదు. అప్పుడేం చేస్తాం? కింద మైదానంలో ఒకచోట నిలబడి శిఖరాన్ని చూస్తాం. 30 డిగ్రీలు అనుకో. నేరుగా గుట్ట వైపు 100 మీటర్లు నడిచి మళ్ళీ చూస్తాం. 45 డిగ్రీలు అనుకో. ఇవి లెక్క కోసం నేను పెట్టిన అంకెలు. రెండో చోటి నుంచి టాన్ 45 ఒకటి కాబట్టి, మనకు కనబడని ఆ దూరమూ ఎత్తూ సమానం. ఎత్తును ఎచ్ అంటే, మొదటి చోటి నుంచి దూరం ఎచ్ + 100. టాన్ 30 ప్రకారం అది ఎచ్ × √3. అంటే ఎచ్ × 0.732 = 100. ఎత్తు 136.6 మీటర్లు. గుట్ట ఎక్కకుండా, లోపలికి తొవ్వకుండా ఎత్తు దొరికింది. ఆ రెండో కోణం ఇవ్వడం నిన్ను తిప్పలు పెట్టడానికి కాదు, కాలు పెట్టలేని చోటి దూరాన్ని పట్టుకోవడానికి.

ఇది పుస్తకంలోనే ఉండిపోయే సంగతి కాదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వే నడిచింది ఈ కోణాల మీదే. ఒక్క భూరేఖను గొలుసులతో అతి జాగ్రత్తగా కొలవడం, దాని రెండు కొసల నుంచి దూరాన ఉన్న మూడో చోటికి కోణాలు చూడడం, ఆ త్రిభుజం భుజాన్ని ఆసరా చేసుకొని ఇంకో త్రిభుజం కట్టడం. అట్ల త్రిభుజం వెనక త్రిభుజం అల్లుకుంటూ కన్యాకుమారి కొస నుంచి హిమాలయాల దాకా పోయారు. ఆ ప్రధాన వరుస 78 డిగ్రీల రేఖాంశం వెంట పోయింది. మ్యాపు తీసి చూడు, మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు ఆ రేఖ మీదే ఉంది. మన పాలమూరు గుట్టల మీదుగానే ఆ పని జరిగింది. లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా 1818లో హైదరాబాదుకు వచ్చిన జార్జ్ ఎవరెస్ట్, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచం పట్టాడు. కోలుకొని తర్వాత ఆ సర్వేకే పెద్దయ్యాడు. 1852లో రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణితజ్ఞుడు, నూరు మైళ్ళకు పైగా దూరంలోని మైదానాల నుంచి తీసిన కోణాలతో, 15వ నంబరు శిఖరమే ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనదని లెక్కతేల్చాడు. 29,002 అడుగులు. దానికే తర్వాత ఎవరెస్ట్ పేరు పెట్టారు. ఇప్పుడు ఒప్పుకున్న ఎత్తు 8,848.86 మీటర్లు, ఆనాటి లెక్కకు తేడా సుమారు తొమ్మిది మీటర్లే. మనిషి కాలు పెట్టని మంచు కొండను నేల మీద కూర్చొని కొలిచారు. నువ్వు తిప్పలు అంటున్న ఆ లెక్క అంత పని చేసింది నాయనా.

ప్రశ్న: సారూ, నేను ఏడో తరగతి దాకనే చదువుకున్న. మా ఆయన హైదరాబాదుల తాపీ మేస్త్రీ. మా బాబు పదికొచ్చిండు. ఈ లెక్కలు చేసేటప్పుడు ఏడ్పు మొఖం పెడతడు. ట్యూషన్‌కు పైసలు లేవు. నేనేం సాయం చెయ్యగలుగుత?
– ఒక తల్లి, నాగర్‌కర్నూల్

జవాబు: అమ్మా, మీ ఇంట్లోనే సగం సాయం ఉంది. మీ ఆయన ఇంటికి వచ్చినప్పుడు బాబును పక్కన కూర్చోబెట్టి, గోడలకు మూల ఎట్ల కలుపుతావని అడగమనండి. ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య దారం 5 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు. ఈ పని చేయని మేస్త్రీ లేడు. అదే లంబకోణ త్రిభుజం, ఆ 5 అడుగులే కర్ణం. అందులో ఒక కోణానికి సైన్ 3 బై 5, కాస్ 4 బై 5. బాబు పుస్తకంలో ఇవే అంకెలతో లెక్కలుంటాయి, చూపించమనండి. మెట్లు కట్టేటప్పుడు ఒక్కో మెట్టు ఎత్తు 6 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు పెడితే, ఆ మెట్ల వాలుకు టాన్ విలువ 0.6, కోణం సుమారు 31 డిగ్రీలు. స్లాబు మీద వాన నీళ్ళు నిలవకుండా మేస్త్రీ ఇచ్చే వాటం కూడా టానే. నాన్న చేతిలో ఉన్న విద్యే తన పుస్తకంలో ఉందని తెలిసిన పిల్లవాడు ఆ పుస్తకాన్ని వేరే కన్నుతో చూస్తాడు. నా దగ్గర చదివిన మేస్త్రీల పిల్లలు, వడ్రంగుల పిల్లలు ఈ పాఠంలో ముందుండడం నేను చూశాను.

మీరు చేయాల్సింది ఇంకొకటి ఉంది. రాత్రి అన్నం తిన్నాక, "ఇయ్యాల చేసిన లెక్క బొమ్మ గీసి నాకు చెప్పు" అనండి. మీకు లెక్క రావాల్సిన పని లేదు. "ఈ గీత ఏంది? ఈ మూల ఎంత? మనకు తెల్వంది ఏది?" అని అడిగితే చాలు. తెలియని మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పడానికి పిల్లవాడు తను తెలుసుకోక తప్పదు. మధ్యలో ఆగిపోతే తిట్టకండి. ఎక్కడ ఆగాడో ఆ చోట పుస్తకంలో ఒక గీత పెట్టి, మర్నాడు వాళ్ళ సారును అడగమనండి. ఏ సారైనా "నాకు మొత్తం రాదు" అనే పిల్లవాడికంటే "ఇక్కడ ఆగిపోయిన సార్" అనే పిల్లవాడికి తొందరగా చెప్పగలుగుతాడు.

ప్రశ్న: సార్, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. పదో తరగతిలో త్రికోణమితి బాగనే వచ్చింది. ఇక్కడ సైన్ 120, సైన్ 210 అంటున్నరు. లంబకోణ త్రిభుజంలో 120 డిగ్రీల కోణం ఎట్లుంటది? ఫార్ములాలైతే లెక్కే లేదు. సైన్ (ఎ+బి) అంటే సైన్ ఎ + సైన్ బి అని రాస్తే మా సారు ఎర్ర పెన్నుతో కొట్టేసిండు.
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: బిడ్డా, ఉండదు. నీకు ఆ అనుమానం వచ్చిందంటే పదో తరగతి పాఠం నీకు నిజంగానే అర్థమైంది. 90 దాటాక త్రిభుజం చాలదు, వృత్తం కావాలి. ఈ మలుపు దగ్గర ఎవరూ ఆగి చెప్పకపోవడం వల్లే ఇంటర్‌లో ఎంతోమంది మంచి పిల్లలు వెనకబడుతున్నారు.

గ్రాఫ్ కాగితం మీద 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయి. కేంద్రం గుండా అడ్డం ఒక గీత, నిలువు ఒక గీత. కుడి వైపు నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతూ 30, 60, 120, 150, 210 డిగ్రీల దగ్గర వృత్తం మీద చుక్కలు పెట్టు. చుక్క అడ్డగీతకు ఎంత పైన ఉందో దాన్ని 10తో భాగిస్తే సైన్. నిలువు గీతకు ఎంత కుడికి ఉందో దాన్ని 10తో భాగిస్తే కాస్. కిందికి పోతే, ఎడమకు పోతే మైనస్. 60 చుక్కా 120 చుక్కా ఒకే ఎత్తులో ఉంటాయి, అందుకే రెండింటి సైన్ ఒకటే. 210 చుక్క గీతకు 5 సెంటీమీటర్ల కింద ఉంటుంది, సైన్ 210 మైనస్ సగం. ఏ పాదంలో ఏ నిష్పత్తి ప్లస్ అని గుర్తుకు 'ఆల్ సిల్వర్ టీ కప్స్' అంటూ మీరు బట్టీ పట్టేది మొత్తం ఈ బొమ్మలోనే ఉంది. మొదటి పాదంలో నీ పాత త్రిభుజాలన్నీ అట్లనే ఉంటాయి, ఏదీ పోలేదు.

ఇక సైన్ (ఎ+బి). సైన్ అనేది బయట నిలబడి గుణించే సంఖ్య కాదు, బ్రాకెట్‌లోకి పంచిపెట్టడానికి. అది కోణాన్ని తీసుకొని ఒక సంఖ్యను ఇస్తుంది. అనుమానం వచ్చినప్పుడు అంకెలు పెట్టి చూడు. సైన్ 30 + సైన్ 60 అంటే 0.5 + 0.866, అంటే 1.366. సైన్ 90 మాత్రం 1. అసలు సైన్ విలువ 1 దాటడమే ఉండదు, మన వృత్తం వ్యాసార్ధం దాటి చుక్క పోలేదు కదా. సైన్ 2ఎ బై సైన్ ఎ అని ఉంటే సైన్‌నూ, ఎనూ కొట్టేసి 2 అని రాసేవాళ్ళూ ఉన్నారు. ఎ 30 అనుకొని చూస్తే 1.732 వస్తుంది, 2 కాదు. అరనిమిషం పట్టే ఈ పరీక్ష అలవాటు చేసుకో, ఎర్ర పెన్ను నీ జోలికి రాదు.

ఫార్ములాల సంగతికొస్తే, సైన్ (ఎ+బి), కాస్ (ఎ+బి), సైన్ స్క్వేర్ + కాస్ స్క్వేర్ = 1. ఈ మూడూ గట్టిగా పట్టుకో. బి చోట మైనస్ బి పెడితే తేడా సూత్రాలు. బి చోట ఎ పెడితే 2ఎ సూత్రాలు. కాస్ 2ఎకి మూడు రూపాలెందుకున్నాయో మూడో సూత్రం వాడితే తెలుస్తుంది. సైన్‌ను కాస్‌తో భాగించి, పైనా కిందా కాస్ ఎ కాస్ బితో భాగిస్తే టాన్ (ఎ+బి). సైన్ (ఎ+బి)కి సైన్ (ఎ–బి) కలిపితే 2 సైన్ ఎ కాస్ బి మిగులుతుంది, మీరు భయపడే పరివర్తన సూత్రాలు అక్కడి నుంచే మొదలు. వారం రోజులు ప్రతి సూత్రాన్నీ రఫ్ పుస్తకంలో ఇట్ల రాబట్టుకొని తర్వాతే వాడు. ఆలస్యమవుతుందని భయపడొద్దు, అవి వాటంతటవే గుర్తుండిపోతాయి.

ప్రశ్న: పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా నీడ కదలకుండా ఉంటుంది కదా. కోణాలు లెక్కగట్టి కట్టినట్టేనా? పిల్లలకు త్రికోణమితి ఉదాహరణగా చెప్పొచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: అది మన నల్లగొండకే గర్వకారణం. కుందూరు చోడుల కాలపు ఆ త్రికూటాలయంలో, లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. ఎండ నేరుగా పడి ఏర్పడిన నీడ అయితే సూర్యుడితో పాటు జరగాల్సిందే. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, బయటి నుంచి చెదిరి వచ్చే వెలుగు. ఆ వెలుగుకు స్తంభాలు అడ్డుపడే తీరు మారదు కాబట్టి నీడా మారదు. అందుకని టాన్ విలువలకు నేరుగా ఉదాహరణగా చెప్పకండి, వెలుతురు పాఠానికి చెప్పండి. పిల్లలను గుడికి తీసుకుపోతే మాత్రం ఒక పని చేయించండి. బయట ఆవరణలో ఒక కర్ర నిలబెట్టి, గంటకోసారి దాని నీడ కొస దగ్గర గులకరాయి పెట్టించండి. లోపలి నీడ కదలదు, బయటి నీడ కదులుతుంది. ఎందుకని వాళ్ళనే అడగండి.

ప్రశ్న: సార్, నేను గురుకులంలో గణితం టీచర్‌ని. క్లాసులో 40 మంది. జనవరికల్లా సిలబస్ అయిపోవాలి, తర్వాత రివిజన్. కొలతలు, కృత్యాలు చేయించాలని ఉంది, టైము లేదు. ఒక్క పీరియడ్ దొరికితే ఏది చేయించమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, వనపర్తి

జవాబు: మేడమ్, మీ ఇబ్బంది నాకు తెలుసు. ఒక్క పీరియడే అయితే నీడ కొలవండి. మీటరు కర్రను గ్రౌండులో నిట్టనిలువుగా పాతండి, దారానికి రాయి కట్టి నిలువు సరిచూసుకోండి. దాని నీడ కొలిపించండి. అదే నిమిషంలో ఇంకొందరు పిల్లలు బడిలోని వేప చెట్టు నీడ కొలవాలి. చెట్టు ఎత్తు మొదట సరూప త్రిభుజాలతో తీయించండి, సైన్, టాన్ అన్న మాటే ఎత్తవద్దు. ఆ తర్వాత కర్ర కొస నుంచి నీడ కొస దాకా దారం లాగి, నేల దగ్గర కోణమానినితో కోణం కొలిపించి, అప్పుడు చెప్పండి: కర్రను నీడతో భాగిస్తే వచ్చిన సంఖ్యే ఈ కోణానికి టాన్ అని. నేను కూడా పాఠం మొదటి రోజుల్లో నిష్పత్తుల పేర్లు చెప్పేవాడిని కాదు. వస్తువు చేతికొచ్చాక పేరు చెబితే పిల్లలకు అది బరువుగా ఉండదు.

డిసెంబరులో చేయిస్తే బాగుంటుంది. 21వ తేదీ అటూ ఇటూ వనపర్తిలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఉంటాడు, మీటరు కర్ర నీడ సుమారు 83 సెంటీమీటర్లు పడుతుంది. అదే కర్రకు మార్చి 21 ప్రాంతంలో 29 సెంటీమీటర్లే. మిట్టమధ్యాహ్నం అంటే గడియారంలో పన్నెండు కాదు, మన దగ్గర పన్నెండుంబావు తర్వాత. దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమట ఉన్నాం. మే మొదటి పక్షంలో, మళ్ళీ ఆగస్టు మొదటి పది రోజుల్లో ఒక్కోరోజు మన ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చి కర్ర నీడ మాయమవుతుంది. ఆగస్టులో మబ్బు లేకపోతే పిల్లలకు చూపించండి. టాన్ 90కి విలువ ఎందుకు లేదో ఆ రోజు చెప్పాల్సిన పని ఉండదు, భాగించడానికి నీడే ఉండదు.

40 మందికి 40 కర్రలు అవసరం లేదు. ఐదారుగురికి ఒక కర్ర ఇచ్చి, కొలిచేది ఒకరు, రాసేది ఒకరు, సరిచూసేది ఒకరు అని పంచండి. వెనక బెంచీ పిల్లలకు టేపు ఇవ్వండి. ఆ పీరియడ్ సిలబస్‌లోంచి పోయిందని బాధపడకండి. అనువర్తనాల పాఠం చెప్పేటప్పుడు మీరు బోర్డు మీద బొమ్మ గీయడం మొదలుపెట్టేలోపే పిల్లలు తమ పుస్తకాల్లో గీసేస్తారు. అక్కడ ఆ సమయం తిరిగి వస్తుంది.

ప్రశ్న: కాలిక్యులేటర్‌లో సైన్ 30 కొడితే –0.988 వస్తున్నది. కాలిక్యులేటర్ చెడిపోయిందా?
– ఇంటర్ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: చెడిపోలేదు. అది రేడియన్ మోడ్‌లో ఉంది, నువ్వు కొట్టిన 30ని 30 రేడియన్లు అనుకుంది. డిగ్రీ మోడ్‌లోకి మార్చు, 0.5 వస్తుంది. ఒక రేడియన్ సుమారు 57.3 డిగ్రీలు, 180 డిగ్రీలు అంటే π (పై) రేడియన్లు. ఎప్‌సెట్ (ఒకప్పటి ఎంసెట్) లాంటి ప్రవేశ పరీక్షల హాల్లోకి కాలిక్యులేటర్ రానియ్యరు కాబట్టి 30, 45, 60, 90 డిగ్రీలు π లో ఎంతో చూడకుండా రాసేటట్టు ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.